సరస్వతి ఆకు సారం, చిట్టెలుకలు: ప్లస్ మేజ్ ఒక్కటి సరిపోతుందా?

నెల్లూరు ఎం.ఫార్మ్: ఫార్మకాలజీ ప్రాజెక్టు చేస్తున్నా. మా ఊరి కాలువ గట్టున తడినేలలో పాకే సరస్వతి ఆకు తెచ్చి, నీడన ఆరబెట్టి, మిథనాల్‌తో సాక్స్‌లెట్‌లో సారం తీశా. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంది. చిట్టెలుకలకు స్కోపలమైన్‌తో మతిమరుపు తెప్పించి ప్లస్ మేజ్‌లో (ప్లస్ గుర్తులా నాలుగు చేతులున్న ఎత్తైన తోవ, రెండు చేతులు తెరిచి, రెండు గోడలతో మూసి ఉంటాయి) చూస్తే చాలంటున్నారు గైడ్ గారు. వాటర్ మేజ్ (నీళ్ళ తొట్టిలో దాగిన మెట్టును వెతికించే జ్ఞాపక పరీక్ష) మా ల్యాబ్‌లో లేదు. వైవాలో ఎక్స్‌టర్నల్ ఉతికి ఆరేస్తాడేమోనని టెన్షన్. ఈ ఒక్క టెస్టుతో గట్టెక్కుతానా?

ఒంగోలు సీనియర్: ముందు మొక్క సంగతి తేల్చుకో తమ్ముడూ. పొడుగు కాడ, గుండ్రటి ఆకు, అంచున నొక్కులుంటే సెంటెల్లా. చిన్న మందపాటి ఆకులు ఎదురెదురుగా ఉండి, తెలుపో లేత ఊదానో పువ్వు పూస్తే బకోపా. రెండూ తడిలోనే పెరుగుతాయి, పచారీ కొట్లో రెండిటినీ బ్రాహ్మి అనే కట్టిస్తారు, కానీ బాకోసైడ్లనే రసాయనాలు బకోపాలోనివి, సెంటెల్లాలో ఉండేది ఏషియాటికోసైడ్. హెర్బేరియం షీటు (ఎండబెట్టి కాగితానికి అతికించిన మొక్క నమూనా) చేసి అది ఏ మొక్కో బోటనీ వాళ్ళతో రాయించుకో, అది లేకపోతే మిగతాదంతా దండగ.

ఇక ప్లస్ మేజ్ అసలు భయాన్ని కొలవడానికి పుట్టిన టెస్టు. తెరిచిన చేతి చివర వదిలిన ఎలుక, మర్నాడు మూసిన చేతిలోకి త్వరగా దూరితే దారి గుర్తుందని మనం రాసుకుంటాం. నీ సారం భయం తగ్గించిందనుకో, దానికి పరుగెత్తాల్సిన పనేముంది? మత్తు తెచ్చినా అంతే, ఆలస్యంగా వెళ్తుంది. అప్పుడు జ్ఞాపకం పోయిందని రాస్తావా?

గూడూరు ల్యాబ్: అన్న చెప్పింది కరెక్ట్. యాక్టోఫోటోమీటర్‌లో (కదలికల్ని కాంతి కిరణాలతో లెక్కించే పెట్టె) కదలిక చూడండి, పాసివ్ అవాయిడెన్స్ (షాక్ తగిలిన చోటికి మళ్ళీ వెళ్తుందా అని చూసే పరీక్ష) కలపండి, చివర్లో మెదడు తీసి ఎల్‌మన్ పద్ధతిలో ఎసిటైల్‌కోలినెస్టరేజ్ (జ్ఞాపకానికి కావలసిన ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్) కొలవండి. పోల్చడానికి డోనెపెజిల్ (మతిమరుపు జబ్బుకు వాడే మందు) ఇచ్చిన గ్రూపు తప్పనిసరి. స్కోపలమైన్ (మన ఉమ్మెత్తలో కూడా ఉండేదే) ట్రైనింగ్‌కి ముందిస్తే నేర్చుకోవడమే దెబ్బతింటుంది, తర్వాత ఇస్తే నేర్చుకున్నది నిలవడం. ఏది చూస్తున్నారో ముందే రాసుకోండి.

కావలి అమ్మ: మధ్యలో వస్తున్నా, ఏమనుకోవద్దు. మా వాడికి ఇంటర్ పరీక్షలు వచ్చే వారమే. ఈ ఆకు పొడి పాలల్లో కలిపి ఇవ్వొచ్చా?

ఒంగోలు సీనియర్: అక్కా, బకోపాను ఆస్ట్రేలియాలో పెద్దవాళ్ళ మీద రోజుకు 300 మి.గ్రా. చొప్పున చూశారు, 2001లో వచ్చింది ఆ పేపరు. అందులో తేడా స్పష్టంగా కనిపించింది 12 వారాలకు. మీరు చెప్పేది వారం. ఈలోపు వాడికి కడుపు గడబిడ చేసిందంటే హాల్లో కూర్చోలేడు.