ఇంట్లో వాడే చిన్న కంప్రెసర్‌కి ఏ ఆయిల్ పొయ్యాలి? బండి ఇంజిన్ ఆయిల్ పోస్తే పరవాలేదా?

కావలి కుర్రోడు:
అన్నలూ, ఇంటి వెనక రేకుల షెడ్డులో తలుపులకీ కుర్చీలకీ పాలిష్ కొట్టుకోడానికి నెల్లూరులో సెకండ్ హ్యాండ్ కంప్రెసర్ ఒకటి కొన్నాను. 2 హెచ్‌పీ, 50 లీటర్ల ట్యాంకు, బెల్టు లేని మోడల్. పుస్తకం ఏమీ ఇవ్వలేదు. వారానికి రెండు మూడు సార్లు వేస్తా, వేసిన ప్రతిసారీ పది నిమిషాలకు మించి ఆడదు. నిన్న చూస్తే గాజులో ఆయిల్ ఎర్ర చుక్క కిందికి దిగిపోయింది, రంగేమో పాలెక్కువైన టీలా ఉంది. బజారుకి వెళితే ఒక షాపాయన బండ్లకు పోసే 20డబ్ల్యూ-40 పోసుకోమన్నాడు. ఇంకో షాపులో 100 నంబరు కంప్రెసర్ ఆయిల్ అడిగితే "100 లేదు, 90 ఉంది, పదే కదా తేడా" అని గేర్ ఆయిల్ డబ్బా చేతిలో పెట్టాడు. నేనూ బుద్ధి లేకుండా తెచ్చుకున్నా, ఇంకా సీలు తియ్యలేదు. చీమకుర్తి క్వారీలో పనిచేసే మా బావ వాళ్ల పెద్ద కంప్రెసర్ ఆయిల్ ఒక లీటరు ఊరికే ఇస్తానంటున్నాడు. ఏది పొయ్యాలి?

మోటార్ల మెకానిక్, ఒంగోలు:
ముందు ఆ 90 డబ్బా పక్కన పెట్టు తమ్ముడూ. ఆ 90కీ ఈ 100కీ సంబంధమే లేదు, రెండూ వేరు వేరు లెక్కలు. 90 గేర్ ఆయిల్ నువ్వడిగిన దానికి దాదాపు రెండింతలు చిక్కగా ఉంటుంది, పోస్తే మోటారు మూలుగుతుంది.

నీకు కావాల్సింది పిస్టన్ కంప్రెసర్ ఆయిల్, డబ్బా మీద ఐఎస్ఓ వీజీ 100 అని ఉండాలి. ఆ వంద అంటే 40 డిగ్రీల వేడి దగ్గర ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెప్పే లెక్క. చలిదేశాల వాళ్ల వీడియోల్లో 68 పొయ్యమంటారు, అక్కడ పొద్దున్నే మోటారు తిరగదని వాళ్ల బాధ. రోహిణి కార్తెలో మన రేకుల షెడ్డులో స్విచ్ వెయ్యకముందే 40 దాటి ఉంటుంది, మనకు 100 సరైనది. కంపెనీ ఏదైనా ఒకటే, నంబరు చూసుకో, పిస్టన్ కంప్రెసర్‌కి అని రాసుందో లేదో చూసుకో.

ఇక ఆ పాల రంగు. అది నీళ్లు. మనది సముద్రం పక్క ఊరు, గాలిలోనే తేమ. గాలిని నొక్కితే ఆ తేమ నీళ్లయి దిగుతుంది. హెడ్డు, అంటే పంపు పై భాగం, బాగా కాలితే ఆవిరై పోతుంది, నువ్వు పది నిమిషాలకే ఆపేస్తున్నావు కాబట్టి పోయే దారి లేక ఆయిల్లోనే కలిసిపోయింది. ఉన్నదాని మీద కొత్తది పొయ్యొద్దు, మొత్తం దించేసి మార్చు.

టైర్ల షాపు, సింగరాయకొండ:
ఇవన్నీ పుస్తకాల్లో మాటలు. నేను పదేళ్లుగా 20డబ్ల్యూ-40 పోస్తున్నా, కంప్రెసర్ పొద్దున ఎనిమిదికి వేస్తే రాత్రి దాకా ఆడుతుంది, ఇంతవరకు హెడ్డు విప్పింది లేదు. వంద రూపాయల పనికి ఇంత టెన్షన్ ఎందుకు?

మోటార్ల మెకానిక్, ఒంగోలు:
అన్నా, మీరు చెప్పింది అబద్ధమని అనను. మీది రోజంతా వేడి మీద ఉంటుంది, నీళ్లు నిలవవు. తమ్ముడిది అలా కాదు. చిక్కదనంలో ఆ ఇంజిన్ ఆయిల్ వీజీ 100కి దగ్గరే, గొడవంతా అందులో కలిపే డిటర్జెంటుతో. బండిలో అది మసినీ మురికినీ ఆయిల్లోనే తేలేలా పట్టి ఉంచుతుంది, ఫిల్టరు దాన్ని పట్టుకుంటుంది. చిన్న కంప్రెసర్‌లో ఆయిల్ ఫిల్టరు ఎక్కడిది? మురికీ నీళ్లూ కలిసి తిరుగుతూనే ఉంటాయి. పైగా హెడ్డు దగ్గర గాలి 150 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడికి వాల్వు ప్లేటు మీద నల్లటి మాడు కడుతుంది. నా దగ్గరికి వచ్చే వాటిల్లో ఆ ప్లేటును స్క్రూడ్రైవరుతో గీకితే అట్టు మాడిన పెనంలా పెచ్చులు లేస్తాయి. అలా ఉన్నప్పుడు ట్యాంకు నిండటానికి రెట్టింపు టైము పడుతుంది, జనం మోటారు వీకయిందనుకుంటారు. కొన్ని కంపెనీల వాళ్లే తమ పుస్తకంలో ఇంజిన్ ఆయిల్ రాస్తారు, అలా రాసుంటే అదే పొయ్యండి.

క్వారీ ఫిట్టర్, చీమకుర్తి:
బావ ఇస్తానన్న ఆయిల్ గురించి నేను చెప్తా. క్వారీల్లో ఉండే పెద్దవి చాలావరకు స్క్రూ రకం. వాటిలో ఆయిల్ గాలితో కలిసే తిరిగి, వేడిని లాగి, మళ్లీ సెపరేటర్లో విడిపోతుంది. అందుకే ఎక్కువగా 46 పోస్తాం, పల్చగా ఉంటుంది. నీ పిస్టన్‌కి అది ఆనదు. ఊరికే వస్తుందని పొయ్యొద్దు.

ఇంకోటి, మట్టం ఎందుకు దిగిందో చూసుకో. స్ప్రే గన్ను తీసేసి పైపు కొసన తెల్ల కాగితం పెట్టి గాలి వదులు. నూనె చుక్కలు పడితే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగాయని అర్థం. అప్పుడు ఏ ఆయిల్ పోసినా అది గాలిలోకే పోతుంది, నీ పాలిష్ మీద చిన్న చిన్న గుంటలు పడతాయి.

కావలి కుర్రోడు:
గుంటలు పడుతున్నాయన్నా! కట్టెలోనే తేడా ఉందనుకుని రెండు తలుపులు మళ్లీ సాండ్‌పేపర్ పట్టాను.

ఈరోజు పాత ఆయిల్ దించా. ముందు అర గ్లాసు నీళ్లు, వెనకే హార్లిక్స్ లాంటిది వచ్చింది. ట్యాంకు కింద కాక్ తిప్పితే తుప్పు నీళ్లు చెంబెడు. ఎవరూ ఎప్పుడూ తిప్పినట్టు లేదు. వీజీ 100 ఒంగోలు నుంచి తెప్పించి ఎర్ర చుక్క మధ్యకి వచ్చేదాకా పోశా. కాగితం మీద రెండు మూడు చుక్కలే పడ్డాయి, రింగులు మార్చాలా?

మోటార్ల మెకానిక్, ఒంగోలు:
ఇప్పుడే వద్దు. పైపులో ఉన్న పాత ఆయిల్ కూడా రావచ్చు. పని అయ్యాక కాక్ కొంచెం తెరిచి పదిహేను నిమిషాలు ఆడించు, హెడ్డు కాలనీ. ట్యాంకు నీళ్లు ఏ రోజుకారోజు వదిలెయ్. ఈ ఆయిల్ ఒక నెలకే దించి ఇంకోసారి మార్చు, లోపల మురికి కడిగినట్టు అవుతుంది, తర్వాత నీ వాడకానికి ఏడాదికొకసారి చాలు. నెల తర్వాత కూడా చుక్కలు పడితే పంపు విప్పి తీసుకురా.

కావలి కుర్రోడు:
సరే అన్నా. 90 డబ్బా మా మామ ట్రాక్టరు గేర్‌బాక్సుకి ఇచ్చేశా, డబ్బులు మాత్రం ఇవ్వలేదు.