సాయంత్రం 5 నుంచి 9 దాకా ముగ్గురు పిల్లలతో ఒక్కదాన్నే, మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు?

మదనపల్లె_అమ్మాయి:
అందరికీ నమస్తే. మేం బెంగళూరులో కేఆర్ పురం దగ్గర ఉంటాం. ముగ్గురు పిల్లలు, పెద్దవాళ్ళిద్దరూ కవలలు, బాబు, పాప, నాలుగేళ్ళు, ఈ ఏడే ఎల్కేజీలో వేశాం, చిన్నదానికి ఏడాదిన్నర. పొద్దున ఎలాగో గడిచిపోతుంది, నా బాధంతా సాయంత్రమే. చిన్నది నాలుగింటికి పడుకుని ఆరింటికి లేస్తుంది, లేచిన దగ్గర్నుంచి చంక దిగదు, దాన్నెత్తుకునే ఒంటిచేత్తో వంట చేస్తుంటా, సరిగ్గా అప్పుడే పెద్దవాళ్ళిద్దరికీ ఒకే బొమ్మ కావాలి. ఆరున్నరకి ఆకలని ముగ్గురూ ఏడుపు మొదలెడితే తలా ఓ గ్లాసు పాలు ఇచ్చేస్తా, ఎనిమిదికి అన్నం కలిపితే ఒక్కరూ నోరు తెరవరు, ఫోన్ పెడితేనే ముద్ద దిగుతుంది. చిన్నది పదకొండు దాకా పడుకోదు. మా ఆయన ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీలో, సిల్క్ బోర్డ్ దాటుకుని ఇల్లు చేరేసరికి తొమ్మిది.

నేనూ ఉద్యోగం చేసినదాన్నే. కవలలప్పుడు 26 వారాల లీవ్ వచ్చింది, చిన్నదానికి 12 వారాలే అన్నారు. నాకది రెండో కాన్పే కదా అంటే, చట్టంలో లెక్క కాన్పులది కాదు, అప్పటికే ఇద్దరు పిల్లలుంటే 12 వారాలే అన్నారు. అంత పసిగుడ్డుని వదిలి వెళ్ళలేక మానేశా. అమ్మ వచ్చి నెల రోజులుంది, నాన్నకి ఒంట్లో బాగోక వెళ్ళిపోయింది.

నిన్న బాబు చిన్నదాన్ని తోసేశాడు, నేను వాణ్ణి గట్టిగా కొట్టేశాను. వాడు ఏడుస్తూ కూడా నా దగ్గరికే వచ్చి నా నైటీ పట్టుకుని నిలబడ్డాడు. అప్పట్నుంచి నా మనసు మనసులో లేదు. ఇద్దరు ముగ్గురు చిన్నపిల్లలున్నవాళ్ళు సాయంత్రాలు ఎలా నడుపుతున్నారో చెప్పండి ప్లీజ్.

హొరమావు_అక్క:
చెల్లీ, మాకూ ముగ్గురే, ఇప్పుడు పెద్దాడికి తొమ్మిదేళ్ళు, కాబట్టి నువ్వు చెప్పినవన్నీ చూసొచ్చినదాన్నే. ముందు చిన్నదాని మధ్యాహ్నం నిద్ర మార్చు, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. ఏడాదిన్నరకి చాలామంది పిల్లలకి పగలు ఒక్క నిద్ర సరిపోతుంది, రాత్రీ పగలూ కలిపి 11 నుంచి 14 గంటలు పడుకోవాలి అంటారు. సాయంత్రం ఆరు దాకా పడుకున్న పిల్ల తొమ్మిదికి ఎలా పడుకుంటుంది చెప్పు. పదకొండున్నరకే అన్నం పెట్టేసి పన్నెండున్నరకి పడుకోబెట్టు, మూడు దాటితే కర్టెన్ తీసెయ్, కుక్కర్ విజిల్ రానీ, మెల్లగా అదే లేస్తుంది. మొదటి నాలుగైదు రోజులు సాయంత్రం తూగుతుంది, చిరాకు పడుతుంది, అప్పుడు జాలిపడి ఐదింటికి పడుకోబెట్టావా మళ్ళీ మొదటికే వస్తావు. మా రెండోవాడి విషయంలో నేను రెండుసార్లు అలా చేసి మొత్తం మళ్ళీ మొదలెట్టాల్సొచ్చింది.

ఇంకోటి, సాయంత్రం వంట సాయంత్రం చేయకు. పప్పు, కూర పొద్దున్నే కాస్త ఎక్కువ చేసి ఫ్రిజ్‌లో పెట్టుకో, సాయంత్రం అన్నం ఒక్కటే. ఐదున్నరకి ముగ్గురికీ వరసగా స్నానాలు, ఆరున్నరకల్లా కింద దుప్పటి పరిచి ముగ్గుర్నీ కూర్చోబెట్టి పెట్టెయ్. మీ ఆయన వచ్చాక అందరూ కలిసి తినాలని చూడకు, అది ఆదివారం చూసుకోవచ్చు.

బెళ్ళందూరు_నాన్న:
అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతాను అండి. ఆరున్నర పాలు తీసేయండి. మా పాప రోజుకి లీటరు దగ్గర తాగేది, అన్నం ముట్టేది కాదు, పాలిపోయి ఉంటే రక్తం టెస్ట్ చేయిస్తే హిమోగ్లోబిన్ బాగా తక్కువ, డాక్టర్ చెప్పిందేంటంటే ఆవుపాలలో ఐరన్ చాలా తక్కువ, పైగా కడుపు నిండిపోయి మిగతావి తినరు, ఈ వయసులో రోజుకి అర లీటరు దాటొద్దు అని. మేం పాలు పొద్దున ఒకసారి, పడుకునేముందు కొంచెం చేశాం, సాయంత్రం ఆకలంటే అరటిపండో ఉడికించిన చిలగడదుంపో. పది రోజుల్లో పళ్ళెం దగ్గరికి దానంతటదే రావడం మొదలెట్టింది. ఫోన్ కూడా అంతే, రెండేళ్ళ లోపు అసలు వద్దని, నాలుగేళ్ళ దాకా రోజుకి గంట మించొద్దని డబ్ల్యూహెచ్ఓ మాట.

మీ ఆయన సంగతి చెప్తే ఏమీ అనుకోకండి. నేనూ తొమ్మిదికే వచ్చేవాణ్ణి. మేనేజర్‌తో మాట్లాడి వారంలో మూడు రోజులు పొద్దున ఏడుకే లాగిన్ అయ్యేలా చేసుకున్నా, నాలుగుకి బయల్దేరితే రింగ్ రోడ్డు మీద ఆ ట్రాఫిక్ ఉండదు. అడిగితేనే తెలుస్తుంది, ఆయన్ని అడగమనండి. ఆదివారం పొద్దున ముగ్గుర్నీ ఆయనే కబ్బన్ పార్కుకి తీసుకెళ్ళాలి, ఆ రోజు లోపల బండ్లు తిరగనివ్వరు, పిల్లలు పరిగెడుతుంటే గుండె దడ ఉండదు. ఆ మూడు గంటలు మీరు నిద్రపోండి, ఇల్లు సర్దొద్దు.

బనశంకరి_జేజి:
అమ్మా, నేను నలుగుర్ని పెంచినా, ఇప్పుడు మనవళ్ళని చూసుకుంటున్నా. తిండీ నిద్రా ఈరోజు కాకపోతే రేపు దారికొస్తాయి. నా భయం వేరే. నీళ్ళు ఎప్పుడొస్తాయో అని మనమంతా బాత్రూంలో బకెట్లు నింపి పెట్టుకుంటాం కదా, ఏడాదిన్నర పిల్ల తొంగి చూసి తలకిందులుగా పడితే లేవలేదు, తల బరువు ఎక్కువ, అరుపు కూడా వినపడదు. బాత్రూం తలుపుకి పైన గడియ పెట్టించు, బకెట్లకి మూతలు పెట్టు. పెద్దవాళ్ళకి చెనిక్కాయలు వేయించి పెడతావేమో, మనవైపు అలవాటు కదా, అవి కింద పడితే చిన్నది ఏరుకుని నోట్లో వేసుకుంటుంది, గొంతులో కాదు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చిన్నది పెద్దయ్యేదాకా పొడి కొట్టి బెల్లంతో ఉండలు చేసిపెట్టు. ఒంటిచేత్తో పొయ్యి దగ్గర నిలబడొద్దు తల్లీ, పాత చీరతో ఉయ్యాల కట్టో, చాప మీద గరిటెలూ గిన్నెలూ ఇచ్చో నీ కంటి ముందరే కూర్చోబెట్టు.

కొట్టిన సంగతి. పొద్దున వాడు లేచాక ఒళ్ళో కూర్చోబెట్టుకుని అమ్మ కొట్టడం తప్పు నాన్నా అని చెప్పు. నాలుగేళ్ళవాడికి అర్థమవుతుంది.

హొరమావు_అక్క:
చెల్లీ, ఇది అడగాలి. పిల్లలు పడుకున్నా నీకు నిద్ర పట్టకపోవడం, రోజూ ఏడుపు రావడం, దేనిమీదా ఆశ లేనట్టు ఉండటం ఇవేమైనా ఉన్నాయా? నాకు మూడో కాన్పు తర్వాత అయింది, అలసట అనుకుని ఎనిమిది నెలలు ఊరుకున్నా. 14416 కి ఫోన్ చెయ్, టెలీ మానస్ అని మనసు బాగోనివాళ్ళతో మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఎప్పుడైనా చేయొచ్చు, డబ్బులుండవు, తెలుగులో మాట్లాడతారు. మానసిక సమస్యలు చూసే నిమ్హాన్స్ ఆసుపత్రి మన ఊళ్ళోనే ఉంది, అక్కడ తల్లీ బిడ్డా కలిసి ఉండే వార్డే ఉంది.

మదనపల్లె_అమ్మాయి:
అక్కా, రెండు వారాలకి వచ్చి రాస్తున్నా, తీరిక దొరకలేదు. నిద్ర పట్టకపోవడం ఉంది, 14416 కి చేశా, అరగంట మాట్లాడారు, వచ్చే బుధవారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం, ఆయన లీవ్ పెట్టారు. చిన్నది ఇప్పుడు ఒంటిగంటకి పడుకుంటోంది, రాత్రి తొమ్మిదిన్నరకి నిద్రపోతోంది. పాలు మానేస్తే మూడు రోజులు ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చారు, నాలుగో రోజు పెద్దది ముద్దపప్పు అన్నం తనే కలుపుకుని తినేసింది. బాబుకి సారీ చెప్పా జేజీ, వాడు వినేసి నాకు కూడా చెల్లిని తోసినందుకు సారీ అన్నాడు. ఫోన్ మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. బాత్రూంకి గడియ పెట్టించాం. మా పెద్ద డ్రమ్ముకి మూత పగిలిపోయింది, కేఆర్ పురంలో మూత ఒక్కటే విడిగా అమ్మే షాపు ఎవరికైనా తెలిస్తే చెప్పండి.