కృతజ్ఞతా డైరీ: రోజూ రాయాలా, వారానికోసారి చాలా?

సిరాచుక్క:
కృతజ్ఞతా డైరీ, అంటే మనకు జరిగిన మేళ్లు రాసుకునే పుస్తకం, రోజూ రాస్తేనే పట్టుబడుతుందని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. రోజుకు అయిదేసి రాయమంటే పది రోజులకల్లా ‘ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం’ అంటూ కిరాణా పద్దయిపోతుంది. సంతోషం మీద పరిశోధించిన ల్యూబోమిర్‌స్కీ, షెల్డన్, ష్కేడ్‌ల 2005 వ్యాసంలో ఆరు వారాల ప్రయోగం ఉంది. వారానికోసారి రాసినవాళ్లకు సంతోషం పెరిగింది, మూడుసార్లు రాసినవాళ్లకు పెరగలేదు. అలవాటైన మేలు కంటికి ఆనదు.

వేకువ:
సిరాచుక్క గారూ, అదే ఏడాది మనస్తత్వవేత్త సెలిగ్‌మన్ బృందం ఏం చేయించిందో కూడా చూడాలి. వారం పాటు రోజూ రాత్రి, బాగా జరిగినవి మూడు, ఒక్కోదాని కింద అది ఎందుకు జరిగిందో. ఆరు నెలల తర్వాత కూడా గుణం కనిపించింది, అదీ ముఖ్యంగా వారం దాటినా మానకుండా రాసినవాళ్లలో. మొక్కుబడి అయ్యేది రోజూ రాయడం వల్ల కాదు, ‘ఎందుకు’ వదిలేయడం వల్ల.

కానుగనీడ:
ఆ ‘ఎందుకు’ దగ్గరే నాకు పేచీ. కారణం తేలిపోతే, అది ఎలాగూ జరిగేదేలే అనిపిస్తుంది. 2008లో మనస్తత్వ పరిశోధకులు కూ, ఆల్గో, విల్సన్, గిల్బర్ట్ దీన్ని తిరగేసి చూశారు: ఒక మంచి సంగతి ఎలా జరిగిందో రాసినవాళ్లకన్నా, ఎలా జరగకుండా పోయేదో రాసినవాళ్ల మనసే ఎక్కువ కుదుటపడింది.

అందుకే ఒక్క సంగతే తీసుకోండి, అయిదారు వాక్యాలు రాయండి. ఎవరు, సరిగ్గా ఏం చేశారు, అందుకు వాళ్లు ఏం వదులుకున్నారు, అది లేకపోతే ఆ పూట ఎలా గడిచేది. ‘అమ్మకు కృతజ్ఞతలు’ అంటే ఏమీ రాయనట్టే. ‘పదకొండింటికి ఇంటికొస్తే, పడుకున్న మనిషి లేచి చారు మళ్లీ వెచ్చబెట్టింది’ అని రాస్తే నెల తర్వాత చదివినా ఆ వాసన తగులుతుంది. ఇంకోటి, ‘ధన్యవాదాలు’ సభల్లో మాట. ఇంట్లో ఎలా అంటామో అలాగే రాయాలి: ‘పుణ్యం కట్టుకున్నావు’, ‘నీ కడుపు చల్లగుండ’.

సిరాచుక్క:
ఇది బాగుంది. కానీ ఇంత లోతుగా రోజూ ఎవరు రాయగలరు? అందుకే వారానికోసారి అంటున్నా.

గడపముగ్గు:
ఇంట్లో మాటలు, దెబ్బలు పడుతున్నవాళ్లకు మాత్రం ఈ డైరీ సలహా ఇవ్వకండి. ‘అయినా తిండి పెడుతున్నాడుగా’ అని రాసుకుని కోపాన్ని మింగేస్తారు. వాళ్లకు ముందు కావలసింది సాయం.

వేకువ:
గడపముగ్గు గారి మాటకు తిరుగులేదు. ఎన్నిసార్లు అన్నదానికి నా సర్దుబాటు ఇది: రోజూ రాత్రి ఒక్క ముక్క, పేరూ పనీ మాత్రమే. ఆదివారం ఆ ఏడింటిలో ఒకటి ఎంచుకుని, కానుగనీడ గారు చెప్పినట్టు విప్పి రాయాలి. రోజూ ముక్క లేకపోతే ఆదివారానికి గుర్తొచ్చేవి మళ్లీ ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగమే.