హనుమకొండలో మేడ మీద గ్రీన్‌హౌస్: ఆర్కిడ్లు, ఫెర్న్‌లు, అడీనియం అన్నీ ఒకేచోట బతుకుతాయా?

ప్రశ్న (హనుమకొండ):
అన్నలూ అక్కలూ, మేడ మీద సగం జాగా ఖాళీగా ఉంది. పాలిథీన్ షీటుతో గ్రీన్‌హౌస్ కట్టిద్దామని వెల్డర్‌తో రేటు కూడా మాట్లాడుకున్నా. ఆర్కిడ్లు, ఆంథూరియం, ఫెర్న్‌లు, అడీనియం, కాక్టస్, కుదిరితే పిచ్చర్ ప్లాంట్ (పురుగుల్ని పట్టి తినే కూజా మొక్క) కూడా పెట్టాలని ఆశ. ఎండాకాలం గురించే టెన్షన్. ఉన్నవి బోరు నీళ్లే.

కాజీపేట నుంచి:
ముందు ఆ షీటు సంగతి ఆపండి. లోపలి వేడిని బయటికి పోనివ్వకపోవడమే దాని పని, చలి దేశాల్లో దానికోసమే కడతారు. మన దగ్గర మేలో బయటే 44 దాటుతుంది, ఇక లోపల ఆంథూరియం ఉడికిపోతుంది. 75 శాతం షేడ్ నెట్ వేసి పక్కల నుంచి గాలి ఆడనివ్వండి చాలు.

కరీంనగర్ నుంచి:
అన్న చెప్పింది కరెక్టే. అడీనియం, కాక్టస్ మాత్రం ఆ నెట్ కింద పెట్టకండి, వాటికి ఎండ కావాలి, ముసురు పట్టినప్పుడు వేర్లు కుళ్లకుండా పైన కప్పు ఉంటే సరి. ఆర్కిడ్లలో వాండా, డెండ్రోబియం మన వేడికి కాస్త ఓర్చుకుంటాయి, ఫెలనాప్సిస్ మొదట్లోనే వద్దు. మట్టిలో పెట్టొద్దు, బొగ్గు, ఇటుక ముక్కలు చాలు. వేరు తడిగా ఉంటే పచ్చగా, ఆరితే వెండి రంగులో కనిపిస్తుంది, అలా తెల్లబడ్డాకే నీళ్లు. ఫాగర్లు, అంటే మంచులా సన్నటి నీటి తుంపర చల్లేవి, ఎండాకాలం బ్రహ్మాండంగా పనిచేస్తాయి, పొడి గాలిలో నీరు ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది. ఆగస్టులో గాలే తడిగా ఉంటుంది, అప్పుడూ ఫాగర్ వేస్తే ఆకుమచ్చ తెగులు పిలిచి తెచ్చుకున్నట్టే. ఫ్యాన్ పెట్టండి.

జగిత్యాల నుంచి:
నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? బోరు నీళ్లలో ఉప్పులెక్కువైతే ఆకుల మీద తెల్లపొర కడుతుంది, ఫాగర్ నాజిళ్లూ మూసుకుపోతాయి. పిచ్చర్ ప్లాంట్‌కి వాన నీళ్లో, ఆర్వోలో శుద్ధయిన నీళ్లో పోయాలి, ఆర్వో వదిలేసే నీళ్లు కాదు. ఎరువు కూడా వేయొద్దు. మన దేశపు పిచ్చర్ ప్లాంట్ మేఘాలయ కొండల్లోది, అడవి నుంచి తెచ్చామని ఎవరైనా అమ్మితే కొనకండి, నర్సరీలో పెంచిన హైబ్రిడ్ తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
షీటు కాన్సిల్, వెల్డర్‌కి ఫోన్ చేసేశా. నెట్ నల్లది తీసుకోవాలా, పచ్చదా?

కాజీపేట నుంచి:
ఏదైనా పర్లేదు గానీ నల్లది బాగా వేడెక్కుతుంది, మొక్కలకి బాగా ఎత్తులో కట్టించండి. ఫ్రేమ్‌ని పిట్టగోడకి గట్టిగా బిగించమనండి, లేకపోతే మే నెల గాలిదుమారానికి నెట్‌తో సహా పక్కింట్లో పడుతుంది.