అమ్మ సంతకం పచ్చబొట్టు వేయించుకుంటే దుఃఖం తీరుతుందా?

గోదారిగట్టు: అమ్మ సంవత్సరీకం అయ్యాక ఆవిడ పాత ఉత్తరంలోని సంతకాన్ని ముంజేతి మీద పచ్చబొట్టుగా వేయించుకున్నాను. ఆవిడ పోయాక మొదటిసారి గట్టిగా ఏడ్చింది అప్పుడే. ఇప్పుడు నిద్ర పడుతోంది. మా పెదనాన్నగారేమో "కర్మలన్నీ జరిపించాం కదా, ఇదెందుకు?" అంటున్నారు. నా మనసుకీ ఆత్మకీ మేలు జరిగిందనే నా నమ్మకం. మీరేమంటారు?

రక్తదాత: నిద్ర పడితే సంతోషమే. దాన్ని వైద్యం అనకండి. పచ్చబొట్టు వేయించుకున్నవాళ్లు 12 నెలలు రక్తం ఇవ్వకూడదని మన దేశంలో నియమం ఉంది. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి సోకే ప్రమాదం ఉందనే ఆ జాగ్రత్త.

శారద: కొత్త సూది వాడితే చాలు కదా.

రక్తదాత: చాలదు. ఒకరికి వాడిన సూది ముంచిన రంగు ఇంకొకరికి వాడినా అంటుకుంటుంది.

ఉట్నూరు మాస్టారు: మా ఆదిలాబాద్ గోండు గూడేల్లో తోటి తెగ స్త్రీలు తరతరాలుగా పచ్చబొట్లు పొడిచారు. ఛత్తీస్‌గఢ్‌లో గుడిలోకి రానివ్వని రామనామీలు ఒళ్లంతా రాముడి పేరు పొడిపించుకున్నారు. ఆ అవమానాన్ని అలా జయించారు. అది ఆత్మకు మేలు కాదా?

రక్తదాత: మాస్టారూ, 12 నెలల సంగతి చెప్పండి.

గోదారిగట్టు: నేను అడిగింది రక్తం గురించి కాదండీ!

చంద్రకళ: పాత పచ్చబొట్లన్నీ పవిత్రం అనకండి. మా అమ్మమ్మకి చిన్నప్పుడు, ఏడుస్తున్నా వినకుండా, ఇద్దరు గట్టిగా పట్టుకుని పొడిపించారు. ముసలితనంలో కూడా ఆ చెయ్యి కొంగులో దాచుకునేది.

ఉట్నూరు మాస్టారు: మా అమ్మ ఇష్టపడే పొడిపించుకుంది. మీ ఇంట్లో జరిగిందని అందరినీ అంటారా?

చంద్రకళ: అడిగి పొడిచారా లేదా అన్నదే నా ప్రశ్న. గోదారిగట్టు గారిది ఆవిడ ఇష్టం, దానికి నా అభ్యంతరం లేదు.

శారద: అమెరికాలో 2013 నుంచి, చావాలనే ఆలోచనల్ని దాటినవాళ్లు మణికట్టు మీద సెమికోలన్ (;) వేయించుకుంటున్నారు. వాక్యం ఆగలేదు, ఇంకా ఉందని గుర్తు. చాలామందికి ధైర్యం ఇచ్చింది.

రక్తదాత: దాన్ని మొదలుపెట్టిన ఎమీ బ్లూయెల్ అనే ఆవిడే 2017లో ఆత్మహత్య చేసుకున్నారు. గుర్తు కాపాడలేదు.

గోదారిగట్టు: ఒక మనిషి చావుని వాదనలో గెలవడానికి వాడతారా? ఆవిడ వల్ల ఎంతమంది బతికారో మీకేం తెలుసు? అసలు మీ కోపం ఎవరి మీద?

రక్తదాత: మా అబ్బాయి మీద. నా భార్య పోయాక వాడూ చేతి మీద అమ్మ పేరు వేయించుకున్నాడు. ఏడవడు, ఆవిడ ఊసెత్తడు. ఏం అడిగినా ఆ చెయ్యి చూపించి "నేను బాగానే ఉన్నా నాన్నా" అంటాడు. బాగాలేడని తండ్రిగా నాకు తెలుస్తోంది. ఆ పేరు వాడి నోటికి తాళం వేసింది.

గోదారిగట్టు: నా విషయంలో తాళం తీసిందండీ. ఇంట్లో అమ్మ మాటెత్తితే "ఊరుకో, ఏడవకు" అనేవారు. పచ్చబొట్టు వేసినాయన "ఎవరి సంతకం అమ్మా?" అని అడిగారు. పని అయ్యేదాకా చెప్తూనే ఉన్నాను, ఆయన వింటూనే ఉన్నారు.

రక్తదాత: అయితే మేలు చేసింది విన్న మనిషి. రంగు కాదు.

గోదారిగట్టు: ఆ పని మీద వెళ్లకపోతే ఆయన అడిగేవారూ కాదు, నేను చెప్పేదాన్నీ కాదు. మీ అబ్బాయిని "బాగున్నావా" అని కాకుండా, ఆ పేరు ఏ రోజు వేయించుకున్నాడో, ఆ చోటే ఎందుకు ఎంచుకున్నాడో అడిగి చూడండి.

రక్తదాత: అడుగుతాను. వైద్యం అని మాత్రం ఒప్పుకోను.