వాల్‌గ్రైండ్ లీకు లేదంటోంది, ప్రోగ్రాం మాత్రం 2 జీబీ తింటోంది: ఎక్కడ వెతకాలి?

ప్రశ్న

సీ భాషలో, కిటికీలు, బటన్లు గీసే జీటీకే 3 లైబ్రరీతో ఫోటోలు వేరుచేసుకునే చిన్న ప్రోగ్రాం ఒకటి సొంతంగా రాసుకున్నాను. ఫోల్డరు తెరిస్తే అందులోని ఫోటోలన్నీ చిన్న బొమ్మలుగా వరుసల్లో కనిపిస్తాయి. నచ్చినవి ఉంచుకుని మిగతావి తీసేయవచ్చు. అంతకుమించి అందులో ఏమీ లేదు. పొద్దున తెరిచినప్పుడు 120 ఎంబీ దగ్గర ఉంటుంది. రోజంతా ఫోల్డర్లు తిరగేస్తే సాయంత్రానికి 2.1 జీబీ అవుతుంది. మూసి మళ్లీ తెరిస్తే యథాస్థితి.

మెమరీ లీకులను (తీసుకుని తిరిగి వదలని మెమరీని) పట్టే వాల్‌గ్రైండ్ కింద నడిపి చూశాను. "డెఫినిట్లీ లాస్ట్" కింద 3 కేబీ కూడా లేదు. మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్‌తో కంపైల్ చేసి నడిపితే ఫాంట్లు వెతికే ఫాంట్‌కాన్ఫిగ్ లైబ్రరీ తాలూకు చిల్లర తప్ప ఏమీ చూపలేదు. కోడంతా మూడుసార్లు చదివాను. తీసుకున్న ప్రతిదాన్నీ ఎక్కడో ఒకచోట వదులుతూనే ఉన్నాను. ఇక ఏం చేయాలో తోచడం లేదు.

మొదటి జవాబు

కంగారు పడకండి. లైనక్స్ ఖాళీ మెమరీని ఊరికే ఉంచదు, ఫైళ్లను అందులో దాచుకుంటుంది. అవసరమైనప్పుడు తిరిగి ఇచ్చేస్తుంది. ఇది లీకు కాదు.

రెండవ జవాబు

పై జవాబు మొత్తం యంత్రానికి సంబంధించిన మాట. "ఫ్రీ" ఆదేశంలో ఫ్రీ అనే గడి చూసి భయపడేవారికి అవైలబుల్ గడి చూడమని చెప్పడానికి అది సరైనదే. ఇక్కడ పెరుగుతున్నది ఒక ప్రోగ్రాం సొంత లెక్క. ఫైళ్ల దాపు ఆ లెక్కలోకి రాదు.

అయితే మీరు చెప్పిన 2.1 జీబీ ఏ అంకె? వర్చువల్ సైజు అయితే దాన్ని పక్కన పెట్టేయండి, అది ప్రోగ్రాం అడిగిన చిరునామాల విస్తీర్ణమే తప్ప వాడిన మెమరీ కాదు. ఆర్‌ఎస్‌ఎస్ (ప్రస్తుతం ర్యామ్‌లో ఉన్న భాగం) అయితే కొంత నమ్మవచ్చు, కానీ పది ప్రోగ్రాములు పంచుకునే లైబ్రరీ పేజీలను అది పదిచోట్లా పూర్తిగా లెక్కేస్తుంది. పైగా పేజీలు స్వాప్‌కు (డిస్కు మీది తాత్కాలిక చోటుకు) వెళ్లిపోతే ఆర్‌ఎస్‌ఎస్ తగ్గుతుంది, లీకు ఆగిపోయిందని మనం సంబరపడతాం. నేనైతే కెర్నల్ వివరాలు చూపించే ప్రాక్ ఫోల్డరు కింద ఆ ప్రాసెస్ సంఖ్య ఉన్న ఫోల్డరులోని ఎస్‌మ్యాప్స్ రోలప్ ఫైలు చూస్తాను. కెర్నల్ 4.14 నుంచి ఉంది. అందులో ప్రైవేట్ డర్టీ (ఈ ప్రోగ్రాం మాత్రమే రాసిన పేజీలు), స్వాప్ వరుసలు రెండూ కలిపితే ఈ ప్రోగ్రాం ఒక్కదాని పాపం ఎంతో తేలుతుంది.

ఇక అసలు సంగతి. వాల్‌గ్రైండ్ మీకు అబద్ధం చెప్పలేదు, మీరు అడిగిన ప్రశ్నకే జవాబిచ్చింది. దాని దృష్టిలో లీకు అంటే, తీసుకున్న మెమరీకి దారి చూపే పాయింటర్ ప్రోగ్రాంలో ఎక్కడా మిగలకపోవడం. శానిటైజర్‌లోని లీకు పరీక్షదీ అదే సూత్రం. మీ ప్రోగ్రాంలో ఎవరో ఒకరు ఆ పాయింటర్‌ను భద్రంగా పట్టుకుని కూర్చుంటే రెండూ దాన్ని లీకు కింద లెక్కించవు, వాల్‌గ్రైండ్ దాన్ని "స్టిల్ రీచబుల్" (దారి ఇంకా ఉంది) కింద వేస్తుంది. ఒక వస్తువును ఎంతమంది పట్టుకున్నారో (రెఫరెన్సులు) లెక్కపెట్టుకుంటూ, ఆ లెక్క సున్నా అయినప్పుడే దాన్ని వదిలే డెస్క్‌టాప్ ప్రోగ్రాముల్లో నేను చూసిన లీకుల్లో ఎక్కువ ఈ రకానివే. పారేయడం మరిచిన చెత్త కాదు, ఎందుకు దాచామో మరిచిపోయిన సామాను. మీ వాల్‌గ్రైండ్ నివేదిక చివరి సారాంశంలో స్టిల్ రీచబుల్ ఎంత ఉందో చూడండి.

పనిముట్లు మార్చే ముందు ఒక ప్రయోగం చేయండి. ఒకే పనిని పదేపదే చేసి ప్రతిసారీ ఎంత పెరిగిందో రాయండి. 200 ఫోటోలున్న ఫోల్డరు తెరవండి, బయటకు రండి, అంకె రాసుకోండి. పదిసార్లు. మొదటి రెండు సార్ల అంకెలు కొట్టేయండి, ఫాంట్లు, ఐకాన్లు అప్పుడే లోడవుతాయి కాబట్టి అవి ఎప్పుడూ తప్పుదోవ పట్టిస్తాయి.

ప్రశ్న అడిగినవారు

2.1 జీబీ ఆర్‌ఎస్‌ఎస్సే అండీ. స్టిల్ రీచబుల్ చూశాను, కొంచెంసేపు నడిపిన దానికే 160 ఎంబీ ఉంది! ఆ వరుసను పట్టించుకోనక్కర్లేదని ఎక్కడో చదివి వదిలేశాను.

మీరు చెప్పిన ప్రయోగం చేశాను. మొదటిసారి 71 ఎంబీ పెరిగింది, రెండోసారి 53. ఆ తర్వాత 50, 50, 51, 50... ఇలా పదో సారి వరకూ 50 దగ్గరే నిలిచింది. ఫోల్డరు తెరవకుండా అరగంట వదిలేస్తే ఒక్క కేబీ కూడా పెరగలేదు.

రెండవ జవాబు ఇచ్చినవారు

బ్రహ్మాండం. ఇంత శుభ్రమైన అంకెలు అరుదుగా దొరుకుతాయి. 50 ఎంబీని 200తో భాగిస్తే ఫోటోకు 256 కేబీ. కొంచెం గుణకారం చేద్దాం. 256ను 256తో గుణించి, పిక్సెల్‌కు 4 బైట్లు వేస్తే 2,62,144 బైట్లు. సరిగ్గా 256 కేబీ. అంటే పోతున్నది ఫోటో కాదు, దాని చిన్న బొమ్మ. అసలు ఫోటోయే మిగిలిపోతూ ఉంటే కథ వేరుగా ఉండేది. 24 మెగాపిక్సెళ్ల ఫోటోను విప్పితే 72 ఎంబీ, 200 ఫోటోలకు 14 జీబీ దాటుతుంది. మీ యంత్రం మొదటి ఫోల్డరుకే చేతులెత్తేసేది.

ఇంకొక సంగతి. జేపెగ్‌లో పారదర్శకత ఉండదు. దాన్ని పిక్స్‌బఫ్‌గా (జీటీకే మెమరీలో పెట్టుకునే బొమ్మగా) విప్పితే పిక్సెల్‌కు 3 బైట్లే, అంటే 192 కేబీ రావాలి. మీకు 4 బైట్ల లెక్క సరిపోతోంది. పైగా మీ ఫోటోలన్నీ చదరంగా ఉండవు కదా! కాబట్టి ఫోటోను చిన్నది చేసిన తర్వాత మీరు దానికి ఇంకేదో చేస్తున్నారు. ఆ ఇంకేదో తయారుచేసిన బొమ్మే మిగిలిపోతోంది. ఏమిటది?

ప్రశ్న అడిగినవారు

మూలలు గుండ్రంగా కనిపించాలని ప్రతి బొమ్మనూ 256×256 చదరంలో పారదర్శకతతో మళ్లీ గీస్తున్నాను! ఒకే ఫంక్షను ఆ పని చేస్తుంది. కానీ అక్కడ తయారైన పిక్స్‌బఫ్‌ను గడి విడ్జెట్‌కు (తెరపై ఒక్కో బొమ్మ చూపే ముక్కకు) ఇచ్చి నా రెఫరెన్సు వదిలేస్తున్నాను. ఇప్పుడే మళ్లీ చూశాను, అన్‌రెఫ్ (రెఫరెన్సు వదిలే పిలుపు) ఉంది.

రెండవ జవాబు ఇచ్చినవారు

మీ రెఫరెన్సు మీరు వదిలారు, సరే. ఇంకెవరు పట్టుకున్నారు? దీనికి హీప్‌ట్రాక్ తీసుకోండి. అది పాయింటర్ల కోసం వెతకదు. తీసుకున్న ప్రతి ముక్కనూ, ఎవరు పిలిస్తే తీసుకున్నారో ఆ వరుసతో సహా రాసుకుంటుంది. రికార్డింగ్ ముగిసే సమయానికి వదలనివన్నీ "లీక్డ్" కింద చూపిస్తుంది. వాల్‌గ్రైండ్‌కు రీచబుల్ అనిపించినవీ ఇక్కడ బయటపడతాయి. మీకు కావలసింది సరిగ్గా ఇదే. వేగం కూడా వాల్‌గ్రైండ్‌లా ఇరవై ముప్ఫై రెట్లు పడిపోదు, ప్రోగ్రాంను మామూలుగానే వాడుకోవచ్చు.

మొదటి నుంచి రికార్డు చేయకండి. ప్రోగ్రాం తెరిచి, ఫోల్డరులోకి రెండుసార్లు వెళ్లి వచ్చాక, ప్రాసెస్ సంఖ్య ఇచ్చి నడుస్తున్న ప్రోగ్రాంకే హీప్‌ట్రాక్‌ను తగిలించండి. ఐదుసార్లు ఫోల్డరు తెరిచి మూసి, రికార్డింగ్ ఆపండి. వేడెక్కేటప్పటి గోల అంతా అలా బయటే ఉండిపోతుంది. కొన్ని లైనక్స్ పంపిణీల్లో (డిస్ట్రోల్లో) ఇంకొక ప్రాసెస్‌కు తగిలించుకోవడాన్ని యామా భద్రతా నియమం అడ్డుకుంటుంది. అనుమతి లేదని వస్తే సూడోతో (అడ్మిన్ హక్కులతో) ప్రయత్నించండి.

మూడవ జవాబు

ఒక చిన్న చేర్పు. డీబగ్ గుర్తులు లేకుండా ఇవన్నీ నడిపితే నివేదికలో ఫంక్షన్ల పేర్లకు బదులు ప్రశ్నార్థకాలే మిగులుతాయి. మీ ప్రోగ్రాంను గుర్తులతో కట్టడం ఒక్కటే సరిపోదు, జీటీకేకూ, దాని కింద ఉండే జీలిబ్ లైబ్రరీకీ కావాలి. మీ పంపిణీ ఆ గుర్తులు పంచే డీబగ్‌ఇన్ఫోడీ సర్వరు నడుపుతుంటే దాని చిరునామా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెడితే చాలు, వాల్‌గ్రైండ్ 3.17 నుంచి తనే తెచ్చుకుంటుంది. అలాగే జీలిబ్ 2.76 కంటే పాతది అయితే జీ స్లైస్ వేరియబుల్‌కు ఆల్వేస్ మ్యాలక్ అని ఇవ్వండి. లేకపోతే చిన్న ముక్కలన్నీ జీలిబ్ సొంత కొట్టంలోంచి వచ్చినట్టు కనిపించి లెక్క గజిబిజి అవుతుంది. 2.76లో ఆ కొట్టమే తీసేశారు.

ప్రశ్న అడిగినవారు

దొరికింది!

హీప్‌ట్రాక్‌లో 250 ఎంబీ దాకా మూలలు గుండ్రం చేసే ఫంక్షను కిందే పడింది, అది ఊహించిందే. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకొకటి కనిపించింది. జీ క్లోజర్ (సంకేతం వస్తే నడిచే కాల్‌బ్యాక్ ఫంక్షనూ, దాని డేటా కలిసిన ముక్క) తయారీ, సరిగ్గా 1,000 సార్లు. 200 ఫోటోలు, ఐదుసార్లు. ఒక్కటీ వదలలేదు. బైట్లలో చూస్తే చాలా తక్కువ కాబట్టి బైట్ల వరుసలో ఎక్కడో అడుగున ఉంది. ఎన్నిసార్లు తీసుకున్నారన్న గడి ప్రకారం వరుస మారిస్తే పైకి వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది. ముదురు రంగు, లేత రంగు మార్చినప్పుడు బొమ్మల అంచు రంగు కూడా మారాలని ప్రతి గడినీ సెట్టింగుల ఆబ్జెక్ట్ "ఛేంజ్డ్" సంకేతానికి తగిలించాను. ఆ కాల్‌బ్యాక్‌కు పిక్స్‌బఫ్ కావాలి కాబట్టి దాన్ని రెఫ్ చేసి డేటాగా ఇచ్చాను, క్లోజర్ పోయినప్పుడు అన్‌రెఫ్ అయ్యే ఏర్పాటుతో సహా. గడి పోతుంది, ఫోల్డరు పోతుంది. కానీ సెట్టింగుల ఆబ్జెక్ట్ ప్రోగ్రాం ఉన్నంతకాలం ఉంటుంది. దాంతోపాటు క్లోజరూ, పిక్స్‌బఫూ బతికే ఉంటాయి. అన్‌రెఫ్ రాశాను కదా అని మూడుసార్లూ ఆ వరుస చూసి ముందుకెళ్లిపోయాను.

రెండవ జవాబు ఇచ్చినవారు

కోడ్ చదివి ఈ రకాన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే ఏ వరుసకు ఆ వరుస సరిగ్గానే ఉంటుంది. ఆయుష్షు ఎక్కువ ఉన్నదాని మెడలో ఆయుష్షు తక్కువ ఉన్నదాన్ని కట్టినప్పుడల్లా విప్పేది ఎవరని అడగాలి.

జీ సిగ్నల్ కనెక్ట్ బదులు జీ సిగ్నల్ కనెక్ట్ ఆబ్జెక్ట్ వాడి, గడినే ఇవ్వండి. గడి పోగానే తగులు దానంతట అదే ఊడిపోతుంది. పిక్స్‌బఫ్‌ను గడి తన దగ్గర ఉంచుకుని డిస్పోజ్‌లో (తను పోయేటప్పుడు నడిచే ఫంక్షన్‌లో) వదలాలి. ఇంకా శుభ్రంగా కావాలంటే ప్రతి గడీ కాకుండా, గడులన్నిటినీ పట్టుకునే విడ్జెట్ ఒక్కటే సెట్టింగులను వింటే సరిపోతుంది. 200 చెవులు ఎందుకు?

ప్రశ్న అడిగినవారు

మార్చాను. పది చుట్లు తిప్పినా గీత పైకి పోవడం లేదు. కానీ ఒక అనుమానం. ఇప్పుడు 310 ఎంబీ దాకా వెళ్లి అక్కడే ఉంటోంది. ఫోల్డరు మూసినా 120కి దిగిరావడం లేదు. ఇంకొక లీకు ఉందా?

మూడవ జవాబు ఇచ్చినవారు

ఇది తేల్చడం సులభం. జీడీబీ డీబగ్గర్‌ను తగిలించి మ్యాలక్ ట్రిమ్ ఫంక్షన్‌ను సున్నాతో పిలిచి చూడండి. అంకె ధబాలున పడితే అది లీకు కాదు. మీరు వదిలిన మెమరీని జీలిబ్‌సీ (సీ ప్రామాణిక లైబ్రరీ, పై జీలిబ్ వేరు) మళ్లీ అడుగుతారేమోనని తన దగ్గరే ఉంచుకుందన్నమాట. ఫోటోలు విప్పడానికి థ్రెడ్లు వాడుతున్నారా? 64 బిట్ యంత్రంలో జీలిబ్‌సీ కోర్‌కు 8 చొప్పున అరీనాలు (మెమరీ కొట్టాలు) తయారు చేసుకోవచ్చు, థ్రెడ్ల మధ్య పంచిపెడుతుంది. ప్రతి అరీనాలోనూ కొంత ఖాళీ మిగిలిపోతుంది. మ్యాలక్ అరీనా మ్యాక్స్ వేరియబుల్‌కు 2 ఇచ్చి నడిపి పోల్చండి.

ప్రశ్న అడిగినవారు

ట్రిమ్ పిలవగానే 310 నుంచి 138కి పడింది. నాలుగు థ్రెడ్లు ఉన్నాయి. అరీనాలు 2కి తగ్గిస్తే అసలు 220 దాటడం లేదు.

రెండవ జవాబు ఇచ్చినవారు

138తో నేనైతే ఆగిపోతాను. ఫోల్డరు మూసినప్పుడు ట్రిమ్‌ను మీ కోడ్‌లోనే పిలవాలని అనిపిస్తుంది. ఒకసారి పిలిస్తే తప్పు లేదు, కానీ ప్రతి బొమ్మకూ పిలిచి ప్రోగ్రాంను నత్తనడక పట్టించిన కోడ్ కూడా చూశాను.

నాలుగవ వ్యక్తి

చర్చ మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నా దగ్గర పెరిగేది ఏ ప్రోగ్రామూ కాదు, వాటి కిటికీలను తెరపై చూపించే ఎక్స్ సర్వరే. ప్రోగ్రాములన్నీ బుద్ధిమంతుల్లా కూర్చుని ఉంటాయి, అది మాత్రం రోజుకు 400 ఎంబీ చొప్పున లావెక్కుతోంది. దానికి హీప్‌ట్రాక్ తగిలించాలా?

మూడవ జవాబు ఇచ్చినవారు

వద్దు. ఎక్స్ సర్వరు ఇతరుల సామాను మోసే కూలీ. ప్రోగ్రాములు తయారు చేసే పిక్స్‌మ్యాపులు (సర్వరులో దాచే బొమ్మలు) వాటి లెక్కలో కాకుండా సర్వరు లెక్కలో పడతాయి. ఎక్స్‌రెస్‌టాప్ నడపండి, ఏ ప్రోగ్రాం పేరు మీద ఎన్ని పిక్స్‌మ్యాపులు, ఎన్ని బైట్లు ఉన్నాయో చూపిస్తుంది. ఒకదాని పేరు మీద వేలల్లో కనిపిస్తే దొంగ దొరికినట్టే. దాన్ని మూసేయగానే సర్వరు ఆ పిక్స్‌మ్యాపులను వదిలేస్తుంది, నిర్ధారణకు అంతకంటే ఏం కావాలి?

ఏ ప్రాసెస్ లెక్కలోనూ కనిపించకుండా మొత్తం మెమరీ మాత్రమే కరిగిపోతుంటే ప్రాక్ కింద మెమ్‌ఇన్ఫోలో ష్‌మెమ్ (పంచుకునే మెమరీ) వరుస చూడండి, టెంప్ ఫోల్డరు టీఎంపీఎఫ్‌ఎస్ (మెమరీలోనే ఉండే ఫైల్ సిస్టమ్) మీద ఉంటే అక్కడ పడేసిన ఫైళ్లూ అందులోకే వస్తాయి. స్లాబ్ (కెర్నల్ సొంత మెమరీ) వరుస పెరుగుతుంటే స్లాబ్‌టాప్ నడపండి, ఆ తర్వాత కెర్నల్ మనుషులను అడగండి.

నాలుగవ వ్యక్తి

ఎక్స్‌రెస్‌టాప్‌లో పై వరుసలోనే ఉంది. ప్యానెల్‌లో వాతావరణం చూపించే బుల్లి యాప్లెట్, 6,000 పైగా పిక్స్‌మ్యాపులు. మూసేశాను, సర్వరు ఒక్కసారిగా చిక్కిపోయింది. దాన్ని రాసినవారికి ఈ అంకెలు పంపిస్తాను. ఈలోగా దాన్ని సిస్టమ్‌డీ (సర్వీసులు నడిపే వ్యవస్థ) యూజర్ సర్వీసుగా పెట్టి రోజుకొకసారి తిరిగి మొదలయ్యేలా చేయవచ్చా?

మూడవ జవాబు ఇచ్చినవారు

చేయవచ్చు. సర్వీసులో రన్‌టైమ్ మ్యాక్స్ సెక్ 1డీ (ఒక రోజు) అని, రీస్టార్ట్ ఆల్వేస్ అని పెట్టండి. మెమరీ మ్యాక్స్ (మెమరీ పరిమితి) పెట్టినా ఇక్కడ లాభం లేదు, మెమరీ పెరిగేది దాని లెక్కలో కాదు కదా.