రోజుకు అరగంటే ఖాళీ ఉంటే బైబిలు ఏడాదిలో ముగించాలా, కొంచెమే తీసుకుని నెమ్మదిగా చదవాలా?

రిబ్బన్ గుర్తు:
అందరికీ వందనాలు. డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యేసరికి చాలామంది తీర్మానం ఒక్కటే: ఈ ఏడు బైబిలు మొత్తం చదవాలి. ఉద్యోగం, పిల్లలు, ప్రయాణం పోగా అరగంట మిగిలేవాళ్లకు ఇది తగిన పనేనా? తగిన పనే అంటాను. 66 గ్రంథాల్లో 1189 అధ్యాయాలు. మామూలు రోజు మూడు, ఆదివారం ఐదు చదివితే వారానికి 23, 52 వారాలకు 1196. ఇంకా ఏడు మిగులు. ఆడియోలో అయితే అధ్యాయానికి సగటున నాలుగైదు నిమిషాలు, అంటే మూడింటికి పావుగంట. అసలు సంగతి వేరే ఉంది. లేవీయకాండం 16లోని ప్రాయశ్చిత్త దినం చదవనివారికి హెబ్రీ పత్రిక 9 సగమే అర్థమవుతుంది. నచ్చిన భాగాలే తిరగేస్తే ఆ లోటు ఎప్పటికీ తీరదు.

హాగా:
కాగితం మీద లెక్క బాగుంది బ్రదర్. నడిచేటప్పుడు ఎక్కడ తెగుతుందో చూడండి. ఆదికాండం 50, నిర్గమకాండం 40. మీ వేగంతో జనవరి 28 ప్రాంతంలో లేవీయకాండం వచ్చి కూర్చుంటుంది. నిర్గమ 25 నుంచి గుడారం కొలతలతో అప్పటికే అలసిపోయి ఉంటారు. ఆపైన దహనబలి, పాపపరిహారార్థబలి, సంఖ్యాకాండంలో జనసంఖ్య. ఫిబ్రవరిలో పుస్తకం మూతపడేది భక్తి తక్కువై కాదు, వరస అలా ఉండబట్టి. ఎలాగో దాటినా, ఆ వరసలో మత్తయి సువార్త మొదలయ్యేది అక్టోబరు రెండో వారంలో. అంతవరకు క్రైస్తవుడు సువార్త తెరవకుండా ఉండాలా? పైగా అధ్యాయాలన్నీ ఒకే పొడవు కావు. 117వ కీర్తన రెండు వచనాలు, 119వ కీర్తన 176. రెండూ మీ పట్టికలో ‘ఒకటే’.

కీర్తన 1:2లోను, యెహోషువ 1:8లోను ‘ధ్యానించు’ అన్నచోట హెబ్రీ మాట ‘హాగా’. లోలోపల గొణుక్కోవడం. యెషయా 31:4లో వేటను పట్టుకున్న సింహం గుర్రుమనడానికీ అదే మాట. పట్టికలో టిక్కు పెట్టుకుంటూ పరుగెత్తడం దానికి చాలా దూరం.

నేను చెప్పే పద్ధతి ఇది. ఫిలిప్పీ పత్రిక తీసుకోండి, నాలుగు అధ్యాయాలు, 104 వచనాలు. రోజూ మొత్తం పైకి చదవండి, ముప్పై రోజులు. పదో రోజు దాటాక నోరు చదువుతుంది, మనసు వేరేచోట ఉంటుంది. అది ఖాయం. అందుకే రోజుకొక ప్రశ్న పెట్టుకోవాలి: ఈ రోజు ‘సంతోషం’ అన్న చోట్లు, రేపు పౌలు చెరసాల గురించి అన్న మాటలు, ఎల్లుండి అడిగిన ప్రార్థనలు. చదవడానికి పదిహేను నిమిషాలు, ఒక్క వచనం రాసుకుని దానిమీదే పది, ప్రార్థనకు ఐదు.

రిబ్బన్ గుర్తు:
వరస మార్చుకోవద్దని ఎవరన్నారు? స్కాట్లాండులో డండీ సంఘ కాపరి రాబర్ట్ ముర్రే మెక్‌చేన్ 1842లోనే వేరే పట్టిక ఇచ్చారు. రోజుకు నాలుగు వేర్వేరు చోట్ల నుంచి చదవాలి. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసి సార్లు అవుతాయి. జనవరి 1నే మత్తయి మొదటి అధ్యాయం ఉంటుంది.

హాగా:
ఆయన పేరు మీరే తెచ్చారు కాబట్టి మిగతాదీ చెప్పాలి. అదే పట్టికతో పాటు దానివల్ల వచ్చే ప్రమాదాలనూ ఆయనే రాశారు: మొక్కుబడి చదువు, చదివేశానన్న స్వనీతి, అజాగ్రత్త, కొందరికి మోయలేని కాడి. ఈనాటి యాప్‌లు పట్టికను తీసుకుని హెచ్చరికను వదిలేశాయి.

మూడేళ్ల చక్రం:
చిన్న సవరణండి. 1189 ప్రొటెస్టెంట్ లెక్క. మా ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) బైబిల్లో 73 గ్రంథాలు, కాబట్టి అధ్యాయాలు ఇంకా ఎక్కువ. ఏడాది గడువు కూడా మాకు కొత్తే. పూజలో చదివే 1969 నాటి పఠనాల క్రమంలో ఆదివారాలకు మూడేళ్ల చక్రం, మామూలు రోజుల మొదటి పఠనానికి రెండేళ్ల చక్రం. అయినా బైబిలు మొత్తం రాదు, దాన్నెవరూ ఓటమి అనుకోరు.

రెండో షిఫ్ట్:
ఇద్దరూ ఎఫెసీ 5:16 మనసులో పెట్టుకునే మాట్లాడుతున్నారనుకుంటా. ‘సమయమును పోనియ్యక’ అన్నచోట గ్రీకులో ఉన్నది గడియారం కాలం కాదు, ‘కైరోస్’, అంటే అదను. క్రియ సంతలో కొనడానికి వాడే మాటలోంచి వచ్చింది. అదే మాట కొలొస్సీ 4:5లో సంఘానికి వెలుపలి వారిపట్ల ఎలా నడుచుకోవాలో చెప్పేచోట ఉంది. పక్కింటి మనిషి కష్టం చెప్పుకోవడానికి వచ్చినప్పుడు ‘ఇంకా రెండు అధ్యాయాలున్నాయి’ అని తలుపు వేస్తే, ఆ వచనానికి ఎదురు నడిచినట్టే.

పద్ధతి అంటారా, షిఫ్టులున్నవాళ్లకు రెండూ పొసగవు. కొత్త నిబంధన 260 అధ్యాయాలు. వారానికి ఐదు రోజులు, రోజుకొకటి, 52 వారాలకు సరిగ్గా 260. మిగిలిన రెండు రోజులు తప్పినవాటికి.

రిబ్బన్ గుర్తు:
ఆ రెండు రోజుల ఖాళీ నచ్చింది. నా పట్టిక తెగేదీ అక్కడే: నాలుగు రోజుల జ్వరం వస్తే కనీసం పన్నెండు అధ్యాయాల బాకీ, అది తీర్చలేక మొత్తం మానేస్తారు. పాత నిబంధన కూడా కావాలనుకుంటే నెలకు 25 రోజులే లెక్కపెట్టుకోండి. ఏడాదికి 300 రోజులు, రోజుకు నాలుగు. బాకీ పడితే వెనక్కి పోకుండా ఆ రోజు భాగం దగ్గరే మొదలుపెట్టాలి.

హాగా:
నాలుగంటే నాకింకా ఎక్కువే. ఇంకోటి, ఆదివారం ఐదు అన్నారు. సండే స్కూలు, ఆరాధన, సాయంత్రం కూడిక ఉండే రోజు అది. ఆ ఐదింటినీ ఏ సెలవు రోజుకో మార్చండి.